పూజగదిలో పియానో

ఆ కొరియా ఆమె నాకు ఫ్లాటంతా తిప్పి చూపించి, చివరికి హాలు పక్కన ఒక తలుపు ముందు ఆగి, సంబరంగా "మ్యూజిక్ రూమ్" అంది. నేను తలుపు వంక చూశాను. టేకు తలుపు. దాంట్లో వరసగా చిన్న చిన్న గళ్ళు కోసి, వెనక చెక్క వేసి, గడికొక ఇత్తడి గంట వేలాడదీశారు. ఆమె రెక్క లాగగానే గంటలన్నీ ఒక్కసారి మోగాయి. లోపల ఎదురుగోడకు పాలరాతి అరుగు, అరుగు మీద పాఠాల పుస్తకాలు, ఒక బొమ్మ కుందేలు. అరుగు ముందు, ఈ గోడకూ ఆ గోడకూ కొలిచి చేయించినట్టు ఒక పియానో. అది పూజగది అని మన దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఆమెకు ఎలా తెలుస్తుంది పాపం.

ఆమె భర్త సుల్తాన్‌పూర్‌లో ఆసుపత్రి పరికరాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరు. పొద్దున్నే కంపెనీ కారు వచ్చి తీసుకుపోతుంది, చీకటిపడ్డాక ఎప్పుడో దింపుతుంది. పటేల్‌గూడలో ఈ ఫ్లాటు కూడా కంపెనీవాళ్ళే కిరాయికి మాట్లాడి పెట్టారు. తాళంచెవులు ఇచ్చిన మనిషి గదులు చూపించాడే గానీ ఏ గది దేనికో చెప్పలేదు. తలుపుకు గంటలు చూసి, ఇది సంగీతం కోసమే కట్టారు అని ఆమె అనుకుంది. లోపల పుస్తకాలు పెట్టుకోవడానికి రాతి అరుగు కూడా ఉందాయె. నేను ఆమె స్థానంలో ఉంటే నేనూ అంతే అనుకునేదాన్ని.

నేను పోతిరెడ్డిపల్లి నుంచి వచ్చేదాన్ని. మా నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఆయన వేళ్ళు వంగడం మానేశాక ఆయన కూర్చునే బెంచీ మీద నన్ను కూర్చోబెట్టారు. హార్మోనియం పోయి కీబోర్డు వచ్చింది, నేను పరీక్షలు రాసి సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను, పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాను. ఎవరో చెబితే ఈ కొరియావాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. హైవే మీద బస్సెక్కి, ఇస్నాపూర్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, బీరంగూడ కమాన్ దగ్గర దిగి, షేర్ ఆటోలో మరొకరి మోకాళ్ళ మీద సగం కూర్చుని అక్కడికి చేరేసరికి నా మొహం చూసి ఎవరూ సంగీతం టీచరు అనుకోరు. పైగా నాకు మూసిన చోటంటే పడదు. లిఫ్టు ఎక్కను. ఎంత ఎత్తున్నా మెట్లెక్కి, ఆయాసపడుతూ బెల్లు కొట్టేదాన్ని. అటువంటిదాన్ని తీసుకుపోయి ఆ గదిలో పెట్టి తలుపు మూశారు.

పూజగదికి కిటికీ ఉండదు. ఫ్యాను కూడా ఉండదు, దీపం ఆరిపోతుందని. ఇల్లు కట్టినవాళ్ళు దేవుడి కోసం ఆలోచించింది సబబే, దేవుడికి చెమట పట్టదు. నాకూ ఆ పాపకూ పట్టేది. మొదటి పాఠం అయ్యేసరికి నా జాకెట్టు వీపుకు అంటుకుపోయింది, పాప నుదుటి మీది జుట్టు తడిసి చారలు చారలుగా దిగింది. ఏడేళ్ళ పిల్ల. ముందుపన్ను ఊడి ఉంది. పియానోలో నల్లమెట్లు రెండు రెండుగా, మూడు మూడుగా ఉంటాయి కదా, వాటిని వెతుక్కోవడమే మొదటి పాఠం. నేను నా చేతకాని ఇంగ్లీషులో చెబుతుంటే ఆ పిల్ల విని, రెండు నల్లమెట్ల మీద వేలు పెట్టి, తెలుగులో అంది.

"ఇవి అక్కాచెల్లెండ్లు. అవి ముగ్గురేమో దోస్తులు. గట్లనే గద?"

నేను బెంచీ మీంచి పడలేదు గానీ పడినంత పనైంది. ఇంట్లో పనిచేసే ఆమె అమీన్‌పూర్ నుంచి వస్తుంది. పాప సెలవులంతా ఆమె కొంగు పట్టుకుని తిరిగి, మాట మాటా ఏరుకుంది. వాళ్ళమ్మకు తెలుగు ఒక్క ముక్క రాదు, అందుకని కూతురికి ఇంత వచ్చని కూడా ఆమెకు తెలియదు. పనామె నన్ను టీచరమ్మా అంటుంది కాబట్టి పాప కూడా టీచరమ్మా అనేది. ఆ గదిలో మా ఇద్దరికీ అదొక్కటే సుఖం.

తలుపు ఎందుకు మూయాలి అంటే, చప్పుడు. వాళ్ళ ఊళ్ళో అపార్ట్‌మెంట్లలో పియానో మోగితే పక్కింటివాళ్ళు ఊరుకోరట. ఇతరులకు ఇబ్బంది కలిగించడం ఆమె దృష్టిలో దొంగతనం చేసినంత పని. ఇక్కడేమో కింద బారాత్ పోతుంటే డీజే మోతకు మా అరుగు మీది పుస్తకాలు వాటంతట అవే జరిగేవి. పై ఇంట్లో రుబ్బురోలు, పక్కింట్లో డ్రిల్లింగ్. ఈ పిల్ల ఐదు వేళ్ళతో పాఠాల పుస్తకంలోని కప్ప పాట వాయిస్తే ఎవరికి ఏమవుతుంది? ఒకసారి ధైర్యం చేసి, పియానో హాల్లో కిటికీ పక్కన పెడదాం అని చేతులతో చూపించాను. ఆమె ఫోను తీసి అందులోకి ఏదో చెప్పింది. ఫోను దాన్ని వార్తలు చదివే తెలుగులోకి మార్చి వినిపించింది. "హాలులో వాయించినచో ఇతరులకు అసౌకర్యం కలుగుతుంది. దయచేసి క్షమించండి." అని ఆమె నడుము వంచి దండం పెట్టింది. అంత మర్యాదగా కాదన్నాక మనం ఏం మాట్లాడగలం.

పాఠం జరిగినంతసేపూ ఆమె తలుపు బయట నేల మీద మెత్త వేసుకుని కూర్చునేది. పాఠం లేని రోజుల్లో కూడా పాప రోజూ అరగంట ఒక్కతే లోపల సాధన చేయాలి, ఆమె బయట కూర్చోవాలి. పాప తలుపు తోస్తే గంటలు మోగుతాయి కదా, ఇంక తప్పించుకునేదెక్కడ. జైలుకు కూడా ఇంత మంచి తలుపు ఉండదని నాకు ఒళ్ళు మండేది.

పాప వాయిస్తూ వాయిస్తూ ఆపి, తల ఒక పక్కకు వంచేది. కింద పిల్లలు సైకిళ్ళు తొక్కే వేళ అది. ఆ గదిలోకి ఏమీ వినిపించదు, అయినా వినాలని చూసేది.

"టీచరమ్మా, ఈ రూంల దేవుడుంటడట గద. మా పనామె సెప్పింది."

"అవును."

"మరి ఏడి?"

"ఇంకా రాలేదు బిడ్డా."

"మరి నన్నెందుకు పెట్టిండ్రు?"

"వేళ్ళు గుండ్రంగ పెట్టు" అన్నాను.

ఆ రోజు బస్సులో నేను నిర్ణయించుకున్నాను. ఈ పిల్లను ఆ గదిలోంచి బయటికి తేవాలి. నాకు ఇంకేమీ వద్దు. పియానో హాల్లోకి రావాలి, కిటికీ పక్కన కూర్చుని ఆ పిల్ల కింద పిల్లల కేకలు వింటూ వాయించుకోవాలి. దానికి ఒక్క వాక్యం చాలు, ఇది పూజగది అని. వింటే ఆ తల్లి సిగ్గుతో చచ్చిపోయి ఆ క్షణమే పియానో బయటపెట్టిస్తుంది. కానీ ఆ సిగ్గే నాకు అడ్డం వచ్చింది. ఆమె తన మ్యూజిక్ రూమ్‌ను ఆ అపార్ట్‌మెంట్లలో ఉండే తక్కిన కొరియా ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించుకుంది. చూసి, పై అంతస్తులో ఇంకొకామె కూడా తన పూజగదిలో పియానో పెట్టించింది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే వీళ్ళందరి ముందూ ఈమె తల ఎక్కడ పెట్టుకుంటుంది?

ఇంట్లో మా ఆయనతో చెప్పాను. ఆయన బడిపంతులు, ఏ విషయమైనా ముందు దాని చివర చూస్తాడు.

"నీకెందుకే ఆ లొల్లి? నువ్వు చర్చిల వాయించేదానివి. రేపు ఎవడన్న సూసి, పూజగదిల గీమెనే పియానో పెట్టిపిచ్చింది అన్నడనుకో, ఎవలకు సెప్పుకుంటవ్? సప్పుడుజేయక పాఠం సెప్పి రా."

"పిల్ల ఉడికిపోతుంది అండ్ల."

"గట్లయితే మానెయ్."

మానేయడం కూడా ప్రయత్నించాను. ఒంట్లో బాగాలేదని ఒక వారం పోలేదు. మళ్ళీ పోయేసరికి పాప నా కొంగు చివర వేలికి చుట్టుకుని కూర్చుని, పాఠం అయ్యేదాకా వదల్లేదు. ఒక్క చేత్తోనే వాయించింది. తెలుగులో మాట్లాడుకోవడానికి ఆ పిల్లకు సాయంత్రాలు నేను తప్ప ఎవరూ లేరు. ఇంక నేను ఎక్కడికి పోతాను. చెప్పలేను, మానలేను. మూసిన గదిలో కూర్చుని మూసిన నోటితో పాఠం చెబుతూ ఉండిపోయాను.

అప్పుడు పనామె ఒక కబురు చెప్పింది. అగ్రిమెంటు మళ్ళీ రాసుకోవాలి కాబట్టి శ్రావణమాసంలో ఇంటి ఓనరు భార్య స్వయంగా వచ్చి ఇల్లు చూసుకుంటుందట. వాళ్ళది సంగారెడ్డి మార్కెట్లో పప్పుల దుకాణం. ఆమెకు మడి, ఆచారం జాస్తి అనీ, వాళ్ళదే ఇంకో ఫ్లాటులో దేవుడి అరుగు మీద చెప్పులు పెట్టారని కిరాయివాళ్ళను ఉతికి ఆరేసిందనీ పనామె చెప్పింది.

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె వస్తుంది, చూస్తుంది, అరుస్తుంది. పియానో బయటికి వస్తుంది. నేను చెప్పే పని లేదు, ఎవరి తలా నేను వంచే పని లేదు. ఆ అరుపుల్లో నా మీద కూడా ఒకటి రెండు పడతాయి, పడనీ. భయం లేకపోలేదు. రెండు రాత్రులు సరిగ్గా నిద్రపట్టలేదు. కానీ ఆశ ఎక్కువగా ఉంది. ఆ ఆశలో పాపకు చెప్పేశాను.

"ఒక అవ్వ వస్తది. ఆమె వచ్చినంక పియానో బయట పెడతరు. కిటికీ కాడ కూసోని వాయిస్తవ్."

"నిజంగనా?"

"నిజంగ."

ఓనరమ్మ వచ్చే రోజు నన్ను తప్పకుండా రమ్మని తల్లి మరీ మరీ అడిగింది. వచ్చిన పెద్దమనిషికి పాప చేత పాట వినిపించాలట. వాళ్ళలో ఇంటికి పెద్దవాళ్ళు వస్తే పిల్లల చేత మర్యాద చేయించడం పెద్ద సంగతి. ఆపిల్ పళ్ళు చెక్కు తీసి, తొక్క కొంచెం ఉంచి కుందేలు చెవుల్లాగా కోసి పళ్ళెంలో పేర్చింది. పాపకు వాళ్ళ పండగ బట్టలు కట్టింది, పొడుగు పావడా, మెడదాకా మూసిన రంగు చారల చొక్కా. ఆ బట్టలతో ఆ గదిలోకి తోసి, నన్నూ తోసి, తలుపు వేసింది. అవ్వ కూర్చున్నాక తలుపు తీస్తుంది, అప్పుడు పాట మొదలుపెట్టాలి. అది ఆమె ప్లాను.

లోపల కూర్చున్నాం. బెల్లు మోగడం లీలగా వినిపించింది. పాప బుగ్గలు ఎర్రగా అయిపోయాయి. ఊపిరి అందక, తలుపు నేనే తోసుకుని పారిపోదామా అనుకున్నాను. పాప మెల్లగా, "అవ్వ వచ్చిందా?" అంది. ఇంతలో బయట ఎవరో వేగంగా నడిచి రావడం, తలుపు భళ్ళున తెరుచుకోవడం, గంటలన్నీ ఒక్కసారి మోగడం అయిపోయాయి. ఓనరమ్మ ఆపిల్ పళ్ళ కోసం ఆగలేదు. ముందు దేవుడి గదే చూసుకుందామని సరాసరి వచ్చేసింది.

గడపలో నిలబడిపోయింది. లావుపాటి మనిషి, ముక్కుకు పుడక, చేతిలో పసుపురంగు సంచి. అరుగు చూసింది, కుందేలు చూసింది, పియానో చూసింది, నా బోసి నుదురు చూసింది. ఆమె వెనక తల్లి ఏమీ తెలియక చిరునవ్వుతో నిలబడి ఉంది. ఇంక మొదలవుతుంది అని నేను కళ్ళు కిందికి దించుకున్నాను.

అప్పుడు పాప బెంచీ దిగింది. ఉన్న కాస్త చోటులో పావడా సర్దుకుని, రెండు చేతులూ నుదుటి దగ్గర చేర్చి, మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు ఆనేదాకా వంగింది. వాళ్ళలో పెద్దవాళ్ళకు పెట్టే దండం అది. నాలుగు రోజులుగా తల్లి చేయిస్తున్న సాధన అదే. ఓనరమ్మ కాళ్ళ వేళ్ళకు బెత్తెడు దూరంలో పాప జడ నేల మీద పడి ఉంది.

ఓనరమ్మ వంగి పాప భుజాలు పట్టుకుని లేపింది.

"ఎవలు నేర్పిండ్రు బిడ్డా, ఇంత సక్కగ మొక్కుడు?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేనా?"

"లేదమ్మా. వాళ్ళ దేశంల పెద్దోళ్ళకు గిట్లనే మొక్కుతరట."

"మా మనుమరాండ్లకు సెప్పి సెప్పి నా నోరు పోయింది. నడుము వంగదు ఒక్కదానికి." ఆమె గొంతు మారిపోయింది. "ఈ రూం ఉత్తగ పడున్నదో, చెప్పులు పెట్టిండ్రో అని నేను పరేషాన్ అయిన. ఈ పిల్ల ఈడ కూసోని సదువు నేర్సుకుంటుందా? ఇంకేం గావాలె. సరస్వతమ్మ వచ్చి కూసున్నట్టే."

సంచిలోంచి కుంకుమ పొట్లం తీసింది. పియానో అంచుకు బొట్టు పెట్టింది. పాప నుదుటికి పెట్టింది. అదే వేలు నా వైపు వచ్చి, మధ్యలో ఆగింది. "మీరు పెట్టుకోరు గద," అని వేలు కొంగుకు తుడుచుకుని నా చెంప నిమిరింది. నాకు ఏడుపు వచ్చింది. అంత మంచిగా చూస్తుందని నేను అనుకోలేదు. ఆ మంచితనం మీద నాకు పట్టరాని కోపం కూడా వచ్చింది.

"ఇగ సూడమ్మా," అంది తల్లితో, ఆమెకు అర్థం కాదని మరిచిపోయి, "దీన్ని ఈడికెళ్ళి కదిలియ్యకుండ్రి. ఈడనే ఉండనియ్యి."

ఆ మాట ఫోను తల్లికి కొరియన్‌లో చెప్పింది. తల్లి చేతులు జోడించి వంగి వంగి దండాలు పెట్టింది. ఇల్లుగలామె స్వయంగా గదిని మెచ్చుకుని బొట్టు పెట్టి పోయిందంటే ఆమెకు ఎంత సంతోషమో. ఆ వారం నుంచే పాప సాధన అరగంట కాస్తా గంట అయింది.

తర్వాతి పాఠానికి నేను పోయేసరికి పాప బెంచీ మీద కూర్చుని ఉంది. పియానో మీది కుంకుమను తల్లి చెరపనివ్వలేదు. నేను పుస్తకం తెరిచాను. పాప చేతులు ఒడిలోంచి తీయలేదు.

"అవ్వ వచ్చింది గద టీచరమ్మా."

"వచ్చింది."

"మరి నువ్వు సెప్పినవ్ గద."

ఇంక నావల్ల కాలేదు. లేచి తలుపు తోశాను. తల్లి మెత్త మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది, గంటల చప్పుడుకు ఉలిక్కిపడి లేవబోయింది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని ఆమె ఫోను నా చేతిలోకి తీసుకున్నాను. దేవుడి గది సంగతి ఎత్తలేదు. అసలు సంగతి అది కాదని అప్పటికి నాకు అర్థమైంది.

"పాపకు లోపల భయమవుతుంది. గాలి ఆడదు. నాకు కూడా భయమే. తలుపు తెరిచి పెడదాం. ఎవరూ ఏమీ అనరు. నేను చెబుతున్నాను కదా."

ఫోను ఆ మాటలన్నీ కొరియన్‌లో చెప్పింది. ఆమె విన్నది. పోట్లాటకు సిద్ధపడే వచ్చాను కాబట్టి, ఆమె మళ్ళీ క్షమించండి అంటే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఆమె ఆ మాట అనలేదు. ఫోను తీసుకుని నోటికి దగ్గరగా పెట్టుకుని, చాలా మెల్లగా, ఆగి ఆగి మాట్లాడింది. ఫోను తన వార్తల గొంతుతో, ఎక్కడా ఆగకుండా చదివింది.

"నా చిన్నతనమున పియానో పాఠశాలలో ఇటువంటి గదులు ఉండేవి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క బాలిక. తలుపు మూసేవారు. నాకు కూడా భయం వేసేది. మా అమ్మ ఉద్యోగానికి వెళ్ళేది. తలుపు బయట ఎవరూ ఉండేవారు కాదు. అందువలన నేను ప్రతిదినం ఇక్కడ కూర్చుంటున్నాను."

ఇన్నాళ్ళూ నేను కాపలా అనుకున్నాను. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి, అయినా మర్యాదకు నవ్వుతోంది. నేల మీద అలాగే ఇద్దరం కూర్చున్నాం.

పాప అంతా విన్నది. వాళ్ళమ్మ కొరియన్‌లో చెప్పిందీ, ఫోను తెలుగులో చదివిందీ, రెండూ. బెంచీ దిగి గడప దాకా వచ్చి వాళ్ళమ్మ మొహం చూసింది. కొరియన్‌లో ఏదో చిన్న మాట అంది, వాళ్ళమ్మ ముక్కు ఎగబీల్చి నవ్వింది. తర్వాత పాప నా చెయ్యి పట్టుకుని లేపుతూ, వాళ్ళమ్మకు అర్థం కాని భాషలో నాతో చెప్పింది.

"తలుపు ఏసెయ్ టీచరమ్మా. తెరిసిపెడితే అమ్మకు ఈడ కూసునే పని ఏముంటది? అమ్మకు ఈడ ఎవలు లేరు."

నేను లోపలికి వెళ్ళి తలుపు వేశాను. పాప వేళ్ళు గుండ్రంగా పెట్టుకుని కప్ప పాట మొదటి నుంచి అందుకుంది, బయటికి వినిపించేటట్టు, గట్టిగా.